ముల్లు తిప్పినవాళ్ళు

తోడబుట్టిన అన్నయ్య మీద పగబట్టడానికి ఆవిడకి ఒకే ఒక్క మాట చాలింది. అది బూతు కాదు, శాపం కాదు. "మందు" అన్న మాట.

ఆవిడ భర్త పదకొండేళ్ళు ఆ అన్నయ్యగారి వాచీల షాపులోనే రిపేరు బల్ల దగ్గర కూర్చున్నాడు. బజార్లో అందరూ ఆయన్ని సెకనుగారని పిలిచేవాళ్ళు. రోజుకి పది సెకన్లు తేడా ఉన్నా సరే, వాచీ ఇంకా తన దగ్గరే ఉండాలనేవాడు. "పర్లేదు లెండి, నేనేం రాకెట్ ఎక్కాలా" అని వాచీ తాలూకు మనిషి మొత్తుకున్నా ఇచ్చేవాడు కాదు. అన్నయ్య పద్ధతి వేరు. వాచీ తీసుకుని తెర వెనక్కి వెళ్ళి, ముల్లు తిప్పి సరైన టైము పెట్టి, అద్దం తుడిచి, "సర్వీసింగ్ అయిపోయిందండీ" అని చేతిలో పెట్టేవాడు. అది మళ్ళీ ఆగిపోయేసరికి పాపం ఆ మనిషి ఇల్లు చేరుకునేవాడు. ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద పదకొండేళ్ళు ఎలా నెగ్గుకొచ్చారో ఆ దేవుడికే తెలియాలి.

సెకనుగారికి బైపోలార్ జబ్బు ఉంది. పెళ్ళైన మూడో ఏట బయటపడింది. ఒక్కోసారి మనిషి ముందుకి పరిగెడతాడు. నిద్ర అక్కర్లేదు, మాటకి అడ్డూ ఆపూ ఉండదు, ప్రపంచంలో ఉన్న గడియారాలన్నీ తనే బాగుచెయ్యాలంటాడు. ఒక్కోసారి వెనకబడిపోతాడు. మొహం కడుక్కోవడం కూడా కొండ ఎక్కినంత పని అవుతుంది. ఒక బిళ్ళ ఈ రెంటినీ అదుపులో పెట్టి, చాలా ఏళ్ళు సంసారాన్ని నిలబెట్టింది. రెండేళ్ళ కిందట డాక్టరమ్మ దాని మోతాదు పెంచాల్సొచ్చింది. అప్పట్నుంచి ఆయన చేతులు వణకడం మొదలైంది. వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకారుతో పట్టుకోవాల్సిన చేతులవి.

షాపుకొచ్చినవాళ్ళు చూడకుండా ఉంటారా? "ఏమైందండీ మీ బావగారి చేతులకి?" అని అడిగేవాళ్ళు. అన్నయ్య కౌంటరు వెనక నుంచి నిట్టూర్చి, తల అడ్డంగా ఊపి, "ఏం చెప్పమంటారు... మందు" అనేవాడు.

అంతే. డాక్టరిచ్చేదీ మందే, సీసాలో వచ్చేదీ మందే. ఆ నిట్టూర్పు విన్నవాళ్ళు రెండింట్లో ఏది అనుకుంటారో అన్నయ్యకి బాగా తెలుసు. నెల తిరక్కుండా సెకనుగారు తాగుబోతని బజారంతా తేల్చేసింది. ఎవడి వాచీ ఆగినా, ఎవడి అద్దం పగిలినా ఆ మందు మీదికే వెళ్ళింది. తెర వెనక ముల్లు తిప్పినవాడు శుభ్రంగా తప్పించుకున్నాడు. ఆ తర్వాత ఒకరోజు, "బావా, కొన్నాళ్ళు ఇంట్లో రెస్టు తీసుకో" అని ఆయన పట్టుకారూ, కంటికి పెట్టుకునే భూతద్దమూ ఒక అట్టపెట్టెలో సర్ది మరీ పంపించాడు.

ఆవిడ ఊరుకోలేదు. చేతిలో ఉన్న పని అక్కడే పడేసి షాపుకెళ్ళి అడిగింది.

"నేనేం అబద్ధం చెప్పానే?" అన్నాడు అన్నయ్య. "మందు వల్లే కదా వణుకు? నువ్వే చెప్పావుగా?"

అని నవ్వాడు. ఆ నవ్వుని ఆవిడ ఇంటికి తెచ్చుకుంది. కోట్లు కుట్టే దుకాణానికి చేత్తో గుండీల కాజాలు కుట్టివ్వడం ఆవిడ పని. ఆ రోజు నుంచి ప్రతి కాజాకీ అన్నయ్య మొహం తలుచుకుని సూది దింపింది. కాజాలు ఎప్పుడూ లేనంత గట్టిగా వస్తున్నాయని దుకాణంవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

రెండేళ్ళు అలా గడిచాక, వణుకు తగ్గించడానికి డాక్టరమ్మ ఒక మార్పు చేద్దామంది. పాత బిళ్ళ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, కొత్త బిళ్ళ కొంచెం కొంచెంగా పెంచాలి. ఆరేడు వారాల పని. ఆ వారాల్లో మనిషి ఎటైనా జారవచ్చు కాబట్టి ఎన్ని గంటలు నిద్రపోయాడో, మనసెలా ఉందో రోజూ పుస్తకంలో రాయమంది. మనసుకి పదికి ఇన్నని మార్కులు వేస్తే చాలంది.

"పదికి ఏడంటే ఏంటండీ?" అన్నాడు సెకనుగారు. "గడియారం ముందుకి పోతోందా, వెనక్కా? రోజుకి ఎన్ని సెకన్లు? అదీ లెక్కంటే."

డాక్టరమ్మ నవ్వి, సరే అలాగే రాయండి అంది. ముందుకైతే ప్లస్, వెనక్కైతే మైనస్. ఇరవై దాటినా, నిద్ర ఐదు గంటలకి తగ్గినా అదే రోజు ఫోన్ చెయ్యాలి. రెండు రోజులాగి చూద్దాం అనుకోకూడదు. ఆ మాట డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

ఆ అంకె ఎవరు వెయ్యాలన్నదీ సెకనుగారే తేల్చాడు. "గడియారం తన తప్పు తను చెప్పుకోదు. పక్కన ఇంకోటి పెట్టి చూడాలి. నా పక్కన ఉన్నది నువ్వే. నువ్వే రాయి." పుస్తకం మొదటి పేజీలో మాత్రం తన చేత్తో, వంకర వంకర అక్షరాలతో ఇలా రాశాడు: 'నేను బాగున్నప్పుడు రాస్తున్నాను. నాకు తేడా చేస్తే డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. నేను వద్దంటాను, అరుస్తాను. అయినా చెయ్యి.' కింద తన గుర్తు వేశాడు. చిన్న సున్నా, దాన్లో ఒకే ఒక ముల్లు. ఏ వాచీ తెరిచినా వెనక మూత లోపలి వైపు ఆయన సూదిమొనతో గీకే గుర్తది, తారీఖుతో సహా. తెరిచినవాళ్ళు గుర్తు వెయ్యాలన్నది ఆ పని నేర్చుకున్నవాళ్ళందరికీ మొదటి పాఠం.

నాలుగో వారానికి వణుకు ఆగిపోయింది. ఒక పొద్దున సెకనుగారు అంచుదాకా నీళ్ళు పోసిన గ్లాసుని అరచేతిలో నిలబెట్టి, వంటింట్లోంచి వరండా దాకా నడిచొచ్చాడు. చుక్క తొణకలేదు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మరుక్షణమే అన్నయ్య గుర్తొచ్చాడు.

సమయం కూడా అలాగే కలిసొచ్చింది. ఒక వాచీల కంపెనీ ఆ బజార్లో ఒక సర్వీసు సెంటరు పెట్టాలనుకుంది. అడిగినవాళ్ళకి పరీక్ష: గురువారం పదకొండింటికి, వ్యాపారుల సంఘం హాల్లో, కంపెనీ మనిషి ఎదురుగా, ఒక వాచీని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించాలి. ఎవరైనా వచ్చి చూడొచ్చు. అన్నయ్య అప్పటికే దరఖాస్తు పెట్టాడు. ఆవిడ భర్త పేరు మీద తనే వెళ్ళి దరఖాస్తు ఇచ్చొచ్చింది.

అప్పట్నుంచి ఆవిడకి పట్టపగలే కలలు. బజారంతా చూస్తుండగా ఆయన చేతులు రాతిలా నిలకడగా ఉంటాయి. అన్నయ్య నోరెళ్ళబెట్టుకుని నిలబడతాడు. తను పక్కకెళ్ళి నెమ్మదిగా, "ఏం అన్నయ్యా, మందు దిగిందంటావా?" అని అడుగుతుంది. ఆ వాక్యాన్ని ఆవిడ కాజాలు కుడుతూ యాభైసార్లు పలికి చూసుకుంది. ఏ మాట దగ్గర ఆగాలో కూడా ఖాయం చేసుకుంది.

పరీక్ష ఇంకా పదిహేను రోజులుందనగా సెకనుగారు పని చేసుకుంటూ కూనిరాగం తియ్యడం మొదలుపెట్టాడు. ఆవిడ ప్లస్ పన్నెండు అని రాసింది. అది నిజమే. ఆ తర్వాత పై అంతస్తువాళ్ళ గోడగడియారం దించుకొచ్చాడు. తర్వాత ఎదురింటివాళ్ళది, మూల మీద మంగలి షాపుది. అడగనివాళ్ళవి కూడా. భోజనాల బల్ల మీద ఏడు గడియారాలు పొట్టలు విప్పుకుని పడుకున్నాయి. భోజనాలు నేల మీదికి మారాయి. సెకన్ల ముల్లు ఎడమ వైపుకి తిరిగితే మనుషుల ఆయుష్షు పెరుగుతుందని కంపెనీకి ఉత్తరం రాశాడు, పద్నాలుగు పేజీలు. మాట మధ్యలో ఆవిడ "ఊఁ" అనడానికి కూడా సందుండేది కాదు. పొద్దున్న ఆవిడ లేచేసరికి ఆయన స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, మూడు గడియారాలు ముగించి, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని కూర్చుని ఉండేవాడు.

ఆవిడకి తెలియదా? పదిహేనేళ్ళ కాపురం. ఆయన చెప్పులేసుకునే వేగం చూసి అంకె చెప్పగలదు. అది నలభై. అయినా ప్లస్ పద్నాలుగు అని రాసింది. నిద్ర: ఆరున్నర గంటలు.

పరీక్ష దాకా అంతే అనుకుంది. గురువారం అవ్వగానే చెప్పేస్తాను, ఫోన్ చేస్తే మళ్ళీ పాత బిళ్ళ పెంచుతారు, మళ్ళీ వణుకొస్తుంది, మళ్ళీ వాడు నవ్వుతాడు. పగ అనేది మంచి వకీలు. పక్కన కూర్చుని ఎన్ని కారణాలైనా చెబుతుంది. తొమ్మిది రోజులు ఆవిడ ఆ వకీలు మాటే విని, పద్నాలుగు, పదమూడు, పదిహేను అని నమ్మేలాగా కాస్త మార్చి మార్చి రాసింది.

ఆదివారం పొద్దున ఇద్దరూ కలిసి పుస్తకం చూడాలన్నది ఇంటి నియమం. పోయిన ఆదివారం కాజాల పని ఎక్కువుందని తప్పించుకుంది. ఈ ఆదివారం సెకనుగారు తనే పుస్తకం లాక్కున్నాడు. చదివాడు. గొప్ప జోకు విన్నట్టు పకపకా నవ్వాడు. లేచి వెళ్ళి బల్ల మీది గడియారాలకి కట్టిన చీటీలు ఒక్కొక్కటే తెంపుకొచ్చి ఆవిడ ముందు వరసగా పేర్చాడు. పని ముగిసిన టైము చీటీ మీద వెయ్యనిదే ఆయన మూత బిగించడు. పై అంతస్తువాళ్ళది, అర్ధరాత్రి దాటి రెండూ నలభై. మంగలి షాపుది, మూడూ పది. ఎదురింటిది, నాలుగూ ఐదు.

"ఆ రోజు నా నిద్ర ఆరున్నర గంటలు. పుస్తకంలో ఉంది!" అన్నాడు. గొంతు ఇల్లంతా మోగుతోంది. "ఆహా! ఏం రాశావు! ముల్లు తిప్పేశావు! మిషను లోపల ఎలా తగలబడినా సరే, మొహం మీద టైము సరిగ్గా కనిపిస్తే చాలు! మీ అన్నకి తగ్గ చెల్లెలివే, శభాష్!"

ఆవిడకి చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. రెండేళ్ళుగా ఎవడి మొహం తలుచుకుని సూది దింపుతోందో, ఆ మొహమే తనకి పెట్టుకుని కూర్చుంది.

"గురువారం దాకా అనుకున్నానండీ" అంది.

"గురువారం నేనే గెలుస్తాను! కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తాను! ఫోనూ లేదు గీనూ లేదు, నేనింత బాగా నా జన్మలో లేను!" అని అరుస్తూ గది ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. తర్వాత ఉన్నట్టుండి ఆగి, పుస్తకం మొదటి పేజీ తెరిచి, తన వంకర అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. "వద్దంటున్నాను కదా" అన్నాడు ఈసారి చిన్న గొంతుతో. "అరుస్తున్నాను కదా. ఇంకా చూస్తావేంటి?"

ఆవిడ ఫోన్ చేసింది. తను రాసిన అంకెలన్నీ అబద్ధాలని డాక్టరమ్మకి చెప్పడం ఆవిడ జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. డాక్టరమ్మ కోప్పడలేదు, అసలు అంకెలు చెప్పమంది అంతే. గంటలో రమ్మంది. పాత బిళ్ళ మళ్ళీ పెరిగింది, నిద్రకి ఇంకో బిళ్ళ వచ్చింది. పరీక్ష మాట ఎత్తితే, "ఇప్పుడు కాదమ్మా" అంది.

గురువారం పొద్దున సెకనుగారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజులు నిద్రపోయాడు కాబట్టి మొహం తేటపడింది, మాట బరువెక్కింది. వేళ్ళు మళ్ళీ సన్నగా అదురుతున్నాయి.

"దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని చెప్పొస్తాను" అంది ఆవిడ.

"మీ అన్న ఉంటాడు. మళ్ళీ ఆ మాటే అంటాడు." ఆయన దిండు పక్కనున్న బిళ్ళల అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఈసారి జబ్బు పేరు చెప్పెయ్. దాచినన్నాళ్ళూ అది వాడికే పనికొచ్చింది." తర్వాత బల్ల సొరుగు వైపు చూపించాడు. "లెక్కల మాస్టారు మొన్న నాకు బాగుచెయ్యమని ఇచ్చిన వాచీ కూడా పట్టుకెళ్ళు. మాస్టారిని కూడా తీసుకెళ్ళు. నేను మూత తీసి చూసి, తర్వాత చేద్దామని అలాగే మూసేశాను. గుర్తు కూడా వెయ్యలేదు."

లోపల ఏముందో ఆయన చెబుతుంటే ఆవిడకి నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది.

హాలు కిటకిటలాడుతోంది. కంపెనీ మనిషి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కంటికి భూతద్దం బిగించుకుని సిద్ధంగా ఉన్నాడు. అన్నయ్య కొత్త చొక్కా వేసుకుని, షాపు ప్రారంభోత్సవంలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఆవిడ వెంట సెకనుగారు లేకపోవడం చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"మా ఆయన పరీక్షకి రావడం లేదండీ" అంది ఆవిడ కంపెనీ మనిషితో.

ఆయన ఏదో అడగబోయేలోగా అన్నయ్య అందుకున్నాడు. అదే నిట్టూర్పు, అదే తల ఊపడం. "మా బావేనండీ. ఏం చెప్పమంటారు... మళ్ళీ మందు ఎక్కువైనట్టుంది."

హాల్లో నలుగురు కిసుక్కున నవ్వారు. ఆవిడ సంచిలోంచి బిళ్ళల అట్ట తీసి తెల్లగుడ్డ మీద పెట్టింది.

"అవును, మందే. ఇదిగో" అంది. "మా ఆయనకి బైపోలార్ జబ్బుంది. డాక్టరమ్మ ఇచ్చిన ఈ బిళ్ళ వల్ల చేతులు వణుకుతాయి. ఆయన సీసా ముట్టి ఎరగడు. ఆ సంగతి మా అన్నయ్యకి మొదటి రోజు నుంచీ తెలుసు. ఎవరికైనా అనుమానం ఉంటే ఇక్కడే అడగండి, చెబుతాను."

నవ్వినవాళ్ళు నేల చూశారు. ఒకటి రెండు చూపులు బిళ్ళల అట్ట నుంచి జరిగి అన్నయ్య మొహం మీద ఆగాయి. ఆవిడ అక్కడితో ఆపి ఇంటికెళ్ళిపోవచ్చు. మంచి మనిషైతే ఆపేది కూడా. ఆవిడ సంచిలో మళ్ళీ చెయ్యి పెట్టింది.

"దరఖాస్తు వెనక్కి తీసుకునేముందు చిన్న సాయం అండీ. ఈ వాచీ ఒకసారి తెరిచి చూస్తారా? రిటైరైన లెక్కల మాస్టారిది. ఆయన ఇక్కడే ఉన్నారు."

"మూడుసార్లు సర్వీసింగ్ చేయించానండీ" అన్నాడు లెక్కల మాస్టారు వెనక నుంచి, లెక్క తప్పని గొంతుతో. "పోయినేడు, అంతకుముందు ఏడు, మొన్న వేసవిలో. మూడూ ఈయన షాపులోనే."

అన్నయ్య అడ్డం రాబోయాడు. అప్పటికే కంపెనీ మనిషి వెనక మూత విప్పాడు. లోపల దుమ్ము అట్టకట్టింది, నూనె ఎండి జిగురైపోయింది. మూతని వెలుగులోకి తిప్పి చదివాడు.

"చిన్న సున్నా, దాన్లో ముల్లు. తారీఖు ఆరేళ్ళ కిందటిది. తర్వాత ఇంకో గుర్తే లేదు" అని అన్నయ్య వైపు చూశాడు. "ఈ ఆరేళ్ళలో దీనికి ఎవరూ ఏ పనీ చెయ్యలేదండీ. ముల్లు తిప్పి ఇచ్చారంతే."

ముల్లు తిప్పి ఇచ్చారంతే. అన్నయ్య మీదికి వెళ్తున్న ఆ మాట దార్లో ఆవిడకీ తగిలింది. ఒక్క క్షణం ఆవిడకి పుస్తకంలో తొమ్మిది అంకెలు కనిపించాయి. ఆ మంట మింగి నిలబడింది.

హాల్లో ముందు ఎవరో చేతి వాచీ విప్పుతున్న చప్పుడైంది. "నాది కూడా ఓసారి చూడండి సార్." తర్వాత ఇంకొకరు. తర్వాత మంగలి షాపాయన. బల్ల ముందు వరస కట్టారు. ఒక్కో మూత లేస్తుంటే ఒక్కో గుర్తు బయటపడుతోంది. సున్నా, ముల్లు. సున్నా, ముల్లు. ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు ఖాళీ. తాగుబోతని వదిలేసిన మనిషి సంతకం బజారందరి మణికట్ల మీదా ఉంది. అన్నయ్య మొహం మాడిన మసిగుడ్డలా అయిపోయింది.

ఆవిడ అన్నయ్య పక్కకెళ్ళి నిలబడింది. యాభైసార్లు పలికి చూసుకున్న వాక్యం ఇప్పుడు పనికిరాదు. కానీ దానికంటే మంచిది దొరికింది. అన్నయ్యలాగే నిట్టూర్చి, అన్నయ్యలాగే తల ఊపి, అందరికీ వినపడేలా అంది:

"ఏం చెప్పమంటారు... మా అన్నయ్యకి చేతివాటం కాస్త ఎక్కువ."

హాలు గొల్లుమంది.

"ఏమన్నావే?" అన్నాడు అన్నయ్య పళ్ళు నూరుతూ.

"నీ పనితనాన్ని మెచ్చుకున్నాను. నేనేం అబద్ధం చెప్పాను అన్నయ్యా?" అని ఆవిడ నవ్వింది. రెండేళ్ళ కిందట ఇంటికి తెచ్చుకున్న నవ్వుని తెచ్చినచోటే అప్పజెప్పేసింది.

కంపెనీ సర్వీసు సెంటరు ఆ బజార్లో ఎవరికీ రాలేదు. కంపెనీ మనిషి పెట్టె సర్దుకుని పక్క బజారుకి వెళ్ళిపోయాడు. ఇంటి దారిలో ఆవిడ తనకి పశ్చాత్తాపం ఏమైనా వస్తుందేమోనని చూసుకుంది. అన్నయ్య విషయంలో రాలేదు. ఇంకో నాలుగు మాటలు అనాల్సిందనిపించింది.

ఇంటికొచ్చేసరికి సెకనుగారు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగుతున్నాడు. చొక్కా మీద కాస్త ఒలికింది.

"వాడి మొహం ఎలా ఉంది? ముందు అది చెప్పు" అన్నాడు.

చెప్పింది. ఒక్క ముక్క వదలకుండా, మూతలు లేచిన వరసలోనే చెప్పింది. చేతివాటం దగ్గరికొచ్చేసరికి ఆయన నవ్వాడు. బరువుగా, మెల్లగా, చాలా రోజుల తర్వాత తన వేగంతో తను నవ్వాడు. ఆ నవ్వు ఎంత ఉందో ఆవిడ మనసులోనే కొలిచింది. మైనస్ నాలుగు, ఐదు.

తర్వాత పుస్తకం తీసి, పద్నాలుగులూ పదమూడులూ ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన అసలు అంకెలు వేసింది. ముప్ఫై, నలభై, నలభై ఐదు. నిద్ర గంటలు కూడా దిద్దింది. ఆయన పక్కన కూర్చుని ఒక్కో అంకే చూశాడు. అన్నీ అయ్యాక ఆవిడ పుస్తకం మూయబోతుంటే, వణికే వేలు పేజీ మీద అడ్డం పెట్టాడు.

"తెరిచినవాళ్ళు గుర్తు వెయ్యాలి" అన్నాడు.

ఆవిడ కాజాలు కుట్టే సూది తీసుకుంది. కొట్టేసిన తొమ్మిది అంకెల కింద, ఆ రోజు తారీఖు పక్కన, సూదిమొనతో ఒక చిన్న కాజా గీకింది.